డీక్యూ స్లిప్ ముందు ఎవరి చేతికి వెళ్ళాలి? ఒక సమ్మర్ స్విమ్ టీమ్ కేస్ స్టడీ

ఈ కేసు అమెరికా తూర్పు తీరంలోని ఒక శివారు కాలనీ స్విమ్ టీమ్‌ది. డీక్యూ అంటే డిస్‌క్వాలిఫికేషన్, రూల్ తప్పినందుకు ఆ ఈత లెక్కలోకి రాకుండా పోవడం. ఆ సంగతి జడ్జి రాసే చీటీయే డీక్యూ స్లిప్. ఊరు, టీమ్, సంవత్సరం చెప్పడం లేదు. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. నేను అదే లీగ్‌లో వేరే పూల్‌కి చెందిన రెఫరీని. వాళ్ళ కమిటీ సాయం అడిగితే వెళ్ళాను.

పిల్లల ఈత పోటీలో, అంటే మీట్‌లో, గొడవ జరిగితే అందరూ మనుషుల స్వభావాల గురించే మాట్లాడతారు. ఫలానావాళ్ళకి క్రీడాస్ఫూర్తి లేదనీ, ఫలానావాళ్ళకి పొగరనీ అంటారు. ఈ కేసులో ఎవరి స్వభావమూ మారలేదు. మీట్ నడిపే పద్ధతి మారాక గొడవలు తగ్గాయి. ఎందుకు తగ్గాయో రాసిపెడితే ఇంకో టీమ్‌కి పనికొస్తుందనిపించింది.

నేపథ్యం

సమ్మర్ లీగ్ తెలియనివాళ్ళకి కాస్త చెప్పాలి. మే నెల చివరి సోమవారం మెమోరియల్ డే. ఆ వారాంతంలో కాలనీ పూల్స్ తెరుస్తారు. బడులు మూసేదాకా సాయంత్రాలు ప్రాక్టీస్, ఆ తర్వాత పొద్దున్నే. జూన్ మూడో వారం నుంచి జూలై చివరిదాకా శనివారం పొద్దున మీట్లు. ఒక వారం మన పూల్‌లో జరిగితే ఇంకో వారం అవతలివాళ్ళ పూల్‌లో. ఏడాది పొడుగునా క్లబ్‌లో ఈదే పదిహేడేళ్ళవాడూ, నీళ్ళలో తల ముంచడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న ఆరేళ్ళ పిల్లా ఒకే రంగు టోపీ పెట్టుకుంటారు. ఈ ఆనవాయితీ చాలా పాతది. వర్జీనియాలో వాషింగ్టన్ చుట్టుపక్కల పూల్స్ కలిసి నడుపుకొనే నార్తర్న్ వర్జీనియా స్విమ్మింగ్ లీగ్ 1956 నుంచి ఉంది.

మా లీగ్ పద్ధతి ఇది. ఆరు లేన్ల పూల్‌లో రెండు టీమ్‌ల నుంచి చెరో ముగ్గురు దిగుతారు. మొదటి స్థానానికి 5 పాయింట్లు, రెండుకి 3, మూడుకి 1. నలుగురు ఒకరి తర్వాత ఒకరు ఈదే రిలే గెలిస్తే 5, ఓడితే సున్నా. అంటే రిలే చేజారితే మన 5 పోవడమే కాదు, అవతలివాళ్ళకి 5 చేరుతుంది. శనివారం మీట్‌లో ఒక్కో ఈవెంట్‌కి టీమ్‌లో వేగమైన ముగ్గురికే చోటు. మిగతా పిల్లలకి వారం మధ్యలో సాయంత్రం మీట్ ఉంటుంది. అందులో స్కోరు ఉండదు, ఎవరి టైమ్ వాళ్ళు మెరుగుపరుచుకోవడమే.

ఇదంతా నడిపేది తల్లిదండ్రులే. ఒక శనివారం మీట్‌కి రెఫరీ, స్టార్టర్, ఈత రూల్ ప్రకారం ఉందో లేదో చూసే స్ట్రోక్ జడ్జీలు, లేన్‌కి ముగ్గురు చొప్పున టైమర్లు, రిజల్ట్స్ టేబుల్ దగ్గర నలుగురు, చిన్న పిల్లల్ని వరుసగా బెంచీల మీద కూర్చోబెట్టేవాళ్ళు, తినుబండారాలు అమ్మేవాళ్ళు, అందరూ కలిసి 50 మంది దాకా కావాలి. టైమర్లనీ జడ్జీలనీ రెండు టీమ్‌లూ పంచుకుంటాయి. మిగతా భారమంతా ఆతిథ్యమిచ్చే టీమ్‌దే.

ఈ కాలనీలో రెండు తరాల కుటుంబాలు ఉన్నాయి. మొదటినుంచీ ఉన్నవాళ్ళలో కొందరు తాము కూడా చిన్నప్పుడు ఇదే లీగ్‌లో ఈదినవాళ్ళు. గత కొన్నేళ్ళలో వచ్చినవాళ్ళలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల భారతీయ కుటుంబాలు ఎక్కువ, వాళ్ళలో తెలుగువాళ్ళు గట్టి సంఖ్యలోనే ఉన్నారు. మనవాళ్ళలో చాలామంది ఈత నేర్చుకుంది కాలవలోనో, వ్యవసాయ బావిలోనో. కొందరు అసలు నేర్చుకోలేదు. మనకి ఈతంటే మునగకుండా ఒడ్డుకి చేరడం. గోడకి చెయ్యి ఎలా ఆనించాలనేదానికి కూడా రూల్ ఉంటుందని ఎవరైనా చెబితే తప్ప తెలిసే వీల్లేదు.

సమస్య

సీజన్ మధ్యలో సొంత పూల్‌లో ఒక మీట్. స్కోరు నువ్వా నేనా అన్నట్టు సాగి చివర్లోని రిలేల దాకా వచ్చింది. తొమ్మిది, పదేళ్ళ ఆడపిల్లల మెడ్లీ రిలేలో (నలుగురూ తలా ఒక రకం ఈత ఈదాలి) ఆతిథ్య టీమ్ ముందు చేరింది. పిల్లలు ఎగిరి గంతులేశారు, ఫొటోలు దిగారు. కాసేపటికి మైక్‌లో ఫలితం చదువుతూ అనౌన్సర్ ఆ రిలే డిస్‌క్వాలిఫై అయిందని చెప్పాడు. బ్రెస్ట్‌స్ట్రోక్ ఈదిన పాప చివర్లో ఒక్క చెయ్యే ఆనించింది. రెండు చేతులూ ఒకేసారి తగలాలి. అవతలి టీమ్ వైపు నుంచి కేకలు, చప్పట్లు. పాప ఆ వార్త విన్నది మైక్‌లోనే, ఆ చప్పట్లతో కలిపి.

మీట్ 208–212తో పోయింది. ఆ రిలే నిలిచి ఉంటే 213–207.

పాప తండ్రి ప్రేక్షకుల్ని ఆపే తాడు దాటి డెక్ మీదికి, అంటే పూల్ చుట్టూ ఉండే గట్టు మీదికి, వచ్చేశారు. తప్పు చూసి చెయ్యి ఎత్తిన జడ్జి ఆతిథ్య టీమ్‌కే చెందిన ఒక తల్లి. "మీరు మన టీమే కదా, మీరే ఇలా చేస్తే ఎలా?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. ఆవిడ జవాబు చెప్పలేదు. డెక్ మీద తల్లిదండ్రులతో వాదించకూడదని జడ్జీలకి శిక్షణలోనే చెబుతారు. ఆ సంగతి ఆయనకి తెలియదు. ఆవిడ మౌనం ఆయనకి పొగరులా కనిపించింది. ఫోన్‌లో వీడియో చూపించారు. మా లీగ్‌లో వీడియో చూసి నిర్ణయం మార్చరు, అదీ ఆయనకి ఎవరూ చెప్పలేదు. గొంతులు లేచాయి. రెండు టీమ్‌ల పిల్లలూ చూస్తూ నిలబడ్డారు.

ఆ వారంలోనే అవతలి టీమ్ లీగ్‌కి ఫిర్యాదు రాసింది. అందులో ఈ గొడవ ఒక్కటే లేదు. తమ టెంట్లకి ఫిల్టర్ గది పక్కన ఎండలో చోటిచ్చారనీ, ఆతిథ్య టీమ్ పెద్దపిల్లలు తమ పిల్లల్ని వెక్కిరిస్తూ కేకలేశారనీ, వార్మప్ టైమ్ తగ్గించారనీ కూడా ఉంది.

కమిటీని అన్నిటికంటే భయపెట్టింది ఇంకోటి. ఆ జడ్జి ఇక రానన్నారు. ఆవిడని చూసి ఇంకో ఇద్దరు వెనక్కి తగ్గారు. స్ట్రోక్ జడ్జీలు లేకపోతే మీట్ పెట్టడానికే లేదు.

నన్ను పిలిచింది అప్పుడే. పిలిచిన పద్ధతిలో ఒక చిక్కు ఉంది. "మీ భాషవాళ్ళే కాబట్టి మీరు చెబితే వింటారు" అన్నారు కమిటీలో ఒకరు, మంచి ఉద్దేశంతోనే. ఆ పనికైతే రానన్నాను. నేను తెలుగువాడిగా వెళ్ళి తెలుగు తండ్రికి నచ్చజెబితే, గొడవకి కారణం తెలుగువాళ్ళేనని అందరూ ఒప్పుకున్నట్టవుతుంది. అవతలి టీమ్ ఫిర్యాదులో ఉన్న ఎండా, వెక్కిరింతలూ, వార్మప్పూ ఆయన చేసినవి కావు. మీట్ మొత్తం చూస్తానని చెప్పి వెళ్ళాను.

చేసి చూసినవి, ఫలించనివి

నేను వెళ్ళేసరికే కమిటీ రెండు పనులు మొదలుపెట్టింది.

మొదటిది ప్రవర్తనా నియమావళి. ఒక పేజీ, ఆన్‌లైన్‌లో సంతకం. మీట్ మొదలయ్యే ముందు మైక్‌లో చదవడం కూడా. అందరూ సంతకం పెట్టారు. వెక్కిరించే కుర్రాళ్ళూ పెట్టారు, వాళ్ళ తల్లిదండ్రులూ పెట్టారు. గొడవల సంఖ్యలో తేడా రాలేదు, రాకపోవడంలో ఆశ్చర్యమూ లేదు. తాను క్రీడాస్ఫూర్తి తప్పుతున్నానని అనుకుని ఎవరూ డెక్ మీదికి రారు. తన పాపకి అన్యాయం జరిగిందనుకుని వస్తారు. న్యాయం కోసం నిలబడ్డాననుకునే మనిషికి "మర్యాదగా ఉండండి" అన్న కాగితం తన గురించి రాసినట్టే అనిపించదు.

రెండోది మార్షల్స్. నారింజ రంగు చొక్కాలు వేసుకుని తాడు దగ్గర నిలబడి ఎవరినీ డెక్ మీదికి రానివ్వకూడదు. కాగితం మీద సబబుగానే ఉంది. కానీ మార్షల్స్ అందరూ పాత కుటుంబాలవాళ్ళు, ఆపబడేవాళ్ళలో ఎక్కువమంది కొత్తవాళ్ళు. వేసవిలో మనవల కోసం ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలూ తాతయ్యలూ మీట్లకి వస్తారు. ఒక అమ్మమ్మ ఇడ్లీ డబ్బా, తువ్వాలు పట్టుకుని సరాసరి పిల్లల బెంచీల దగ్గరికి నడిచారు. మనవడు తడి ఒంటితో వణుకుతున్నాడు, ఆవిడకి కనిపించింది అంతే. మార్షల్ అడ్డం నిలబడి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. ఆవిడకి అర్థం కాలేదు కానీ ఆ చెయ్యి అడ్డం పెట్టడం అర్థమైంది. కూతురు వచ్చి మార్షల్‌తో మాట పట్టింపుకి పోయింది. తాడు అవసరమే, కాదనను. గోడ దగ్గర తడి నేల, పరిగెత్తే పిల్లలు, పని చేసుకునే అధికారులు. అయితే తాడు ఎందుకుందో, బిడ్డకి తువ్వాలు ఎవరిస్తారో ముందే చెప్పకపోతే అది అవమానంగానే తోస్తుంది.

దానికి తోడు ఒక కోచ్ "నెగటివ్ చీరింగ్ వద్దు" అని పిల్లలకి గట్టిగా చెప్పాడు. ఏది నెగటివో చెప్పలేదు. తర్వాతి మీట్‌లో పెద్దపిల్లలు అసలు నోరే విప్పలేదు. అదొక నిరసన. వెక్కిరింత లేదు, కేరింతా లేదు. చిన్నపిల్లలకి ఆ మీట్ పరీక్ష హాల్లా గడిచింది.

ఏం కనిపించింది

వారం మధ్య మీట్‌కి నేను టోపీ పెట్టుకుని సందర్శకుల వైపు కూర్చున్నాను. ఒకే ఒక్క సంగతి గమనించాలనుకున్నాను: ఒక డీక్యూ జరిగితే ఆ వార్త ఎవరికి, ఏ వరుసలో చేరుతుంది?

జడ్జి చెయ్యి ఎత్తుతారు, స్లిప్ రాస్తారు. రెఫరీ చూసి సంతకం పెడతారు. స్లిప్ రిజల్ట్స్ టేబుల్‌కి వెళుతుంది. అనౌన్సర్ చదువుతాడు. కాగితం గోడకి అంటిస్తారు. కోచ్‌లకి స్లిప్ కాపీలు చేరేది మీట్ అయిపోయాక ఒక కవర్లో. అంటే తప్పు ఏమిటో చెప్పి సరిదిద్దాల్సిన మనిషికి అందరికంటే ఆఖరున తెలుస్తోంది. పిల్లకి గుంపులో తెలుస్తోంది. తల్లిదండ్రులకి గోడ మీద రెండు ఇంగ్లీషు అక్షరాలుగా కనిపిస్తోంది. ఆ అక్షరాలకి అర్థం అడగాలంటే ఎవర్ని అడగాలో తెలియదు కాబట్టి తెల్లచొక్కా వేసుకున్న జడ్జి దగ్గరికే వెళతారు. ఆ మనిషికి మాట్లాడే అనుమతి లేదు.

ఇది చూశాక ఆ శనివారం గొడవ జరగకుండా ఉండుంటేనే ఆశ్చర్యం అనిపించింది.

పనిచేసినవి

ముందుగా స్లిప్ దారి మార్చాం. రెఫరీ సంతకం పెట్టిన వెంటనే ఒక టీనేజ్ వాలంటీర్ కాపీని ఆ టీమ్ కోచ్‌కి ఇచ్చి వస్తాడు. కోచ్ పిల్లని పక్కకి పిలిచి, ఏం జరిగిందో, వచ్చేసారి ఏం చెయ్యాలో చెబుతాడు. ఆ తర్వాతే గోడకి కాగితం. మైక్‌లో డీక్యూలు చదవడం పూర్తిగా మానేశాం. తల్లిదండ్రులకి ముందు చెప్పాలా, పిల్లకి ముందు చెప్పాలా అన్నదాని మీద కమిటీలో చర్చ నడిచింది. పిల్లకే ముందు అని నేను పట్టుబట్టాను. తల్లిదండ్రులకి ముందు తెలిస్తే పిల్ల దగ్గరికి వార్త కోపంతోనో జాలితోనో కలిసి వస్తుంది. కోచ్ నోటి నుంచి వస్తే ఒక ఈత పాఠంలా వస్తుంది. దీనికి మూల్యం కూడా ఉంది: ఫలితాలు ఆలస్యమవుతాయి. ముఖ్యంగా రిలేల దగ్గర స్కోరు తెలియక జనం విసుక్కున్నారు. ఆ విసుగు భరించదగినదే.

రెండోది, అడగడానికి ఒక మనిషి. గొడుగు కింద ఒక బల్ల, రూల్స్ పుస్తకం, టీమ్ రెప్ (టీమ్ ప్రతినిధి). ఎవరికి ఏ సందేహం ఉన్నా అక్కడికే. రెప్ మాత్రమే రెఫరీతో మాట్లాడతారు. నిజానికి లీగ్ నిబంధన ఎప్పటినుంచో ఇదే, కానీ ఆ రెప్ ఎవరో, ఎక్కడుంటారో కొత్త కుటుంబాలకి తెలియదు. ఇంకో మాట కూడా సూటిగా చెప్పమన్నాం: జడ్జి కళ్ళతో చూసి తీసుకున్న నిర్ణయం మీద అప్పీలు లేదు, రూల్‌ని తప్పుగా వర్తింపజేస్తేనే ఉంటుంది. "అప్పీలు లేదంటే అడగడమెందుకు?" అని ఒకాయన అడిగారు. ఏం చూశారో తెలుసుకోవడానికి. చాలామందికి కావలసింది అదే.

మూడోది నాకు అన్నిటికంటే నచ్చినది. ఒక ఆదివారం సాయంత్రం పూల్ మూశాక లైఫ్‌గార్డ్‌ని ఉంచుకుని తల్లిదండ్రులకి ఒక క్లాస్ పెట్టాం. స్లైడ్లు లేవు. నలుగురు పెద్దపిల్లల్ని బ్రెస్ట్‌స్ట్రోక్ ఈదమన్నాం. ఎవరు ఒక చేత్తో ఆనించాలో, ఎవరు రెండు చేతులతో ఆనించాలో కోచ్ వాళ్ళ చెవిలో చెప్పాడు. తల్లిదండ్రులు మామూలుగా మీట్ రోజున కూర్చునే చోటే కూర్చుని, ఎవరిది తప్పో చీటీ మీద రాయాలి. చీటీలు విప్పితే ఒకదానికి ఒకటి పొంతన లేదు. పక్కనుంచి చూస్తే నీటి తుంపరా, పిల్లల తలా చేతులకి అడ్డం వస్తాయి. అప్పుడు అందరినీ లేన్ చివర, జడ్జి నిలబడే చోట నిలబెట్టి మళ్ళీ ఈదించాం. ఈసారి దాదాపు అందరి చీటీలూ ఒకటే.

రిలే పాప తండ్రి ఆ రోజు వచ్చారు. మేమిద్దరం తెలుగులోనే మాట్లాడుకున్నాం.

"నేను కళ్ళారా చూశాననుకున్నానండీ ఆ రోజు," అన్నారు.

"చూశారు. అక్కణ్ణుంచి ఏం కనిపిస్తుందో అదే చూశారు."

ఆయన కాసేపాగి, "మరి వీళ్ళు చూడకుండా వదిలేసేవి కూడా ఉంటాయి కదా?" అన్నారు.

ఉంటాయి. ఒక జడ్జి ఒకేసారి మూడేసి లేన్లు చూడాలి. చూడనిది రాయకూడదు, అనుమానం ఉంటే లాభం పిల్లలకే ఇవ్వాలి. కాబట్టి పట్టుబడని తప్పులు ప్రతి మీట్‌లోనూ ఉంటాయి. ఈ మాట దాచకుండా చెప్పడం మంచిదని నా అభిప్రాయం. జడ్జి అన్నీ చూస్తారని చెబితే, ఒక్కటి వదిలేసిన రోజున పక్షపాతం అంటారు.

ఆయన చేత ఆ జడ్జికి బహిరంగంగా క్షమాపణ చెప్పించాలని కమిటీలో కొందరు పట్టుబట్టారు. నేను వద్దన్నాను. అలా చేస్తే ఇదంతా మళ్ళీ ఒక మనిషి కథ అయిపోతుంది. ఆయన టీమ్ మానేస్తారు, పోయేది పాప ఈత. ఆయన తర్వాతి మీట్‌కి టైమర్‌గా పేరిచ్చారు, నాకది చాలు.

టైమర్ పని గురించి ఒక మాట. కొత్త కుటుంబాలని వాలంటీర్లుగా తేవాలంటే తినుబండారాల స్టాల్‌లోనో, పార్కింగ్‌లోనో పెట్టడం అలవాటు, సులువు కాబట్టి. నేను టైమర్‌తోనే మొదలుపెట్టమన్నాను. స్టార్ట్ వెలుగు కనిపించగానే వాచీ నొక్కడం, పిల్ల గోడ తాకగానే మళ్ళీ నొక్కడం, ఐదు నిమిషాల్లో నేర్చుకోవచ్చు. లేన్‌కి మూడు వాచీలు, మధ్య టైమే అసలు టైమ్, కాబట్టి ఒకరు పొరపాటు పడినా నష్టం లేదు. గోడకి అతి దగ్గరగా, జడ్జి పక్కనే నిలబడతారు. చేతులు ఎలా తగులుతున్నాయో పొద్దుటి నుంచి మధ్యాహ్నందాకా చూస్తూనే ఉంటారు. పైగా ఒకే లేన్‌లో రెండు టీమ్‌ల తల్లిదండ్రులూ కలిసి నిలబడాలి. రేసుకీ రేసుకీ మధ్య ఏదో ఒకటి మాట్లాడుకోక తప్పదు. మీ పిల్లలు ఏ బడి, ఎంతసేపు డ్రైవ్, ఇలాంటివే. మధ్యాహ్నానికి అవతలి టీమ్ అంటే ముఖం లేని గుంపు కాకుండా పోతుంది.

అయితే పేర్లు ఇచ్చే పద్ధతి వీళ్ళకి అడ్డం వచ్చేది. సైన్అప్ లింక్ తెరిచిన గంటలో పాత కుటుంబాలు పనులన్నీ పంచేసుకునేవి. అందులో దురుద్దేశం లేదు, వాళ్ళకి అది ఏటా అలవాటు. కొత్తవాళ్ళు చూసేసరికి ఖాళీలు ఉండవు. తర్వాత "వీళ్ళు పని చెయ్యరు" అన్న మాట. లేన్‌కి ఒక టైమర్ చోటు మొదటి ఏడాది కుటుంబాలకి వదిలిపెట్టమన్నాం. నిండిపోయింది.

ఆతిథ్యం సంగతి

అవతలి టీమ్ ఫిర్యాదులో సగం ఆతిథ్యం గురించేనని చెప్పాను కదా. ఇక్కడ పెద్ద తెలివితేటలు అక్కర్లేదు. చెట్ల నీడలో సగం సందర్శకులకి వదిలాం. ఇది అనుకున్నంత తేలిక కాదు. ఏళ్ళ తరబడి ఒకే చెట్టు కింద టెంట్ వేసుకునే కుటుంబాలు ఉన్నాయి, వాళ్ళకి అది సొంత స్థలం లాంటిది. వేరే పూల్‌లో తాము ఎండలో కూర్చున్న రోజు గుర్తుచేసి ఒప్పించాల్సి వచ్చింది. మీట్‌కి రెండు రోజుల ముందు సందర్శక టీమ్‌కి ఒక ఈమెయిల్ వెళ్ళేలా చేశాం: పార్కింగ్ ఎక్కడ, టెంట్లు ఎక్కడ, ఎప్పటినుంచి వెయ్యొచ్చు, వార్మప్ ఎన్ని గంటలకి, స్టాల్‌లో కార్డు తీసుకుంటారా లేదా, ఉరుము వినిపిస్తే ఎవరు ఎక్కడికి వెళ్ళాలి. చివరిది చాలా టీమ్‌లు మర్చిపోతాయి. ఉరుము వినిపిస్తే నీళ్ళలోంచి అందరూ బయటికి రావాలి, ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిస్తేనే మళ్ళీ దిగాలి. ఆ అరగంట ఆతిథ్య టీమ్ క్లబ్‌హౌస్‌లో కూర్చుని సందర్శకుల పిల్లలు వానలో కార్ల కోసం వెతుక్కుంటే, ఆ తర్వాత ఏ చిన్న డీక్యూ వచ్చినా అంటుకోవడం ఖాయం. మరుసటి ఏడాది మొదటి హోమ్ మీట్‌లోనే ఉరుములొచ్చాయి. సందర్శక టీమ్ చిన్నపిల్లల్ని ముందు లోపలికి పంపాలని ముందే అనుకున్నాం కాబట్టి అంతా మామూలుగా గడిచింది.

కేకల విషయానికి కెప్టెన్లనే పిలిచి మాట్లాడించాం. ఏం అరవకూడదో చెప్పకుండా, రెండు టీమ్‌ల కెప్టెన్లూ కలిసి ఒక చీర్ నడిపించేలా ఏర్పాటు చేశాం. దానికంటే బాగా పనిచేసింది ఒక పాత పద్ధతి: రేసు పూర్తిచేసినవాళ్ళు ఆఖరి పిల్ల గోడ తాకేదాకా నీళ్ళలోనే ఉండి, పక్క లేన్‌వాళ్ళతో లేన్ల మధ్య తాడు మీదుగా చేతులు కలపాలి. మీట్ చివర వరుసగా నిలబడి చేతులు కలపడం చాలా టీమ్‌లు చేస్తాయి, కానీ అప్పటికి సగంమంది వెళ్ళిపోయి ఉంటారు. ఇది ప్రతి రేసులోనూ ఉంటుంది, వేరే టైమ్ అక్కర్లేదు.

ఆఖరున వచ్చే పిల్లకి అందరూ లేచి చప్పట్లు కొట్టడం గురించి మాత్రం నాకు కొంత సంకోచం ఉంది. ఆరేళ్ళవాళ్ళకి అది పండగ. పదమూడేళ్ళ అమ్మాయికి అదే చప్పట్లు "నువ్వే ఆఖరు" అని పూల్ మొత్తం ప్రకటించినట్టుంటుంది. ఆ వయసు పిల్లల్ని అడిగితే వద్దనే అంటారు. అందుకే అనౌన్సర్‌కి దాన్ని ప్రోత్సహించవద్దని చెప్పాం, చిన్నపిల్లల ఈవెంట్లలో తప్ప.

ఫలితం, ఇంకా తేలనివి

ఆ ఏడాది మిగిలిన మీట్లలోనూ, మరుసటి ఏడాదిలోనూ డెక్ మీదికి వచ్చి వాదించిన సందర్భం లేదు. లీగ్‌కి ఫిర్యాదూ వెళ్ళలేదు. డీక్యూలు మాత్రం తగ్గలేదు, తగ్గాలని మేము కోరుకోలేదు కూడా. ఆ రిలే రోజు చెయ్యి ఎత్తిన జడ్జి పూర్తిగా తిరిగి రాలేదు. వారం మధ్య మీట్లకి వస్తున్నారు, శనివారాలు వద్దన్నారు. కొత్త కుటుంబాల నుంచి ఒక తల్లి లీగ్ శిక్షణ పూర్తిచేసి స్ట్రోక్ జడ్జి అయ్యారు. ఆవిడ మొదటి సీజన్‌లోనే సొంత టీమ్ అబ్బాయి బటర్‌ఫ్లైని డీక్యూ చేశారు. ఈసారి గొణిగింది పాత కుటుంబం, ఆ అబ్బాయి తండ్రి చిన్నప్పుడు ఇదే పూల్‌లో ఈదినవాడు. ఆయన కూడా గొడుగు కింది బల్ల దగ్గరికే వెళ్ళారు. రెప్ వెళ్ళి రెఫరీని అడిగి, చేతులు నీటి పైనుంచి కాకుండా లోపలినుంచి వచ్చాయని చెప్పారు. ఆయనకి అది నచ్చలేదు, కానీ అక్కడితో ముగిసింది. "కొత్తవాళ్ళకి రూల్స్ తెలియవు" అన్న వాదన మీదే మొత్తం పరిష్కారం కట్టి ఉంటే ఆ రోజు ఇబ్బందయ్యేది.

ఇతర టీమ్‌లు ఇందులోంచి ఏదైనా తీసుకోవాలనుకుంటే, స్లిప్ దారి నుంచి మొదలుపెట్టమంటాను. దానికి ఖర్చు లేదు, ఎవర్నీ మార్చాల్సిన పని లేదు, ఒక కుర్రాడు పరిగెడితే చాలు. టైమర్ చోట్లు కేటాయించడం రెండోది. ఆదివారం క్లాస్‌కి లైఫ్‌గార్డ్, పూల్ అనుమతి, ఈదే పిల్లలు కావాలి కాబట్టి సీజన్ మొదలయ్యే ముందే ఏర్పాటు చేసుకోవాలి. గొడవ జరిగాక పెడితే అది శిక్షలా కనిపించే ప్రమాదం ఉంది. ఇక్కడ అలా కాలేదంటే ఆ ఆహ్వానం అందరికీ వెళ్ళింది కాబట్టి, కమిటీ సభ్యులు కూడా వచ్చి చీటీలు తప్పు రాశారు కాబట్టి. నియమావళి తీసెయ్యక్కర్లేదు, ఉండనివ్వండి. దాని మీద ఆశలు మాత్రం పెట్టుకోవద్దు.

ఒక ప్రశ్న మీద ఆ టీమ్ కోచ్‌కీ నాకూ ఇంకా కుదరలేదు. ఆరేడేళ్ళ పిల్లలకి వారం మధ్య మీట్లలో డీక్యూ ఇవ్వాలా? ఇస్తే టైమ్ రాదు, రిబ్బన్ రాదు, పిల్ల మళ్ళీ రాదని కోచ్ వాదన. స్కోరు లేని మీట్‌లో చెప్పకపోతే, మొదటిసారి వినేది శనివారం రిలేలో, ఇంకో ముగ్గురి పాయింట్లు పోయిన రోజున అని నా వాదన. ప్రస్తుతానికి ఒక రాజీ నడుస్తోంది: సీజన్ మొదటి సాయంత్రం మీట్‌లో స్లిప్ కోచ్‌కి వెళుతుంది, రిబ్బన్ మాత్రం ఇచ్చేస్తారు. రెండో మీట్ నుంచి రూల్ ప్రకారమే. అవే రేసుల్లో సందర్శక టీమ్ పిల్లలూ ఉంటారు కాబట్టి వాళ్ళూ ఒప్పుకోవాలి, అందుకని ఆ ముందస్తు ఈమెయిల్‌లో ఒక లైను చేర్చాం. ఈ ఏడాది వచ్చిన టీమ్ ఒప్పుకోలేదు. ఆ మీట్ మొదటి రేసు నుంచీ పూర్తి రూల్స్‌తోనే నడిచింది, స్లిప్పులు మామూలుగానే కోచ్‌లకి వెళ్ళాయి.